పెళ్ళి ప్రకటనలో అమ్మమ్మ లేచిన ఆదివారం

మా అమ్మమ్మ చర్చిలో లేచి నిలబడి నా పెళ్ళి ఆపేసింది. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు పక్కున నవ్వుతారు. తర్వాత నా మొహం చూసి, "నిజంగానే?" అని అడుగుతారు. నిజంగానే. డెబ్బైల చివరి రోజులవి. అమలాపురానికీ కాట్రేనికోనకీ మధ్య మా ఊరు. నాకు ఇరవై మూడేళ్ళు, పక్కూరి స్కూల్లో టీచర్ని. రెండు జడలు మానేసి ఒంటిజడ వేసుకోవడం మొదలుపెట్టాను కాబట్టి లోకంలో నాకు తెలియని విషయం లేదు.

పెళ్ళికొడుకు నాకు ముందే తెలుసు. టీచర్ ట్రైనింగులో నాకంటే ఒక ఏడాది ముందు. వైనతేయ గోదావరి అవతల, రాజోలు వైపు వాళ్ళది. లెక్కల మాస్టారు. ఆయన నాకు మూడు ఉత్తరాలు రాశారు, నేను నాలుగు రాశాను. ఎవరు ఎక్కువ తొందరపడ్డారో దీన్నిబట్టే తెలుస్తుంది. ఆయనే వాళ్ళ నాన్నగారిని ఒప్పించి మా ఇంటికి పంపారు. వాళ్ళ నాన్నగారూ చిన్నాన్నగారూ వచ్చారు. మా నాన్నా బాబాయీ ఎదురుగా కూర్చున్నారు. నాలుగు కుర్చీలు, నలుగురు మగవాళ్ళు, నాలుగు కాఫీలు. గంటలో సంబంధం ఖాయమైపోయింది.

అమ్మమ్మకి మగపిల్లలు లేరు. తాతయ్య పోయాక మా ఇంటికి వచ్చేసింది. అల్లుడింట్లో ఉంటున్నానన్న బెరుకు ఆవిడని వదిలేది కాదు. అప్పట్లో అత్తగారు అల్లుడికి ఎదురుపడి మాట్లాడటం మర్యాద కాదు. ఏదైనా చెప్పాలంటే తలుపు వెనక నిలబడి, మా అమ్మతో చెప్పించేది. "కూర చాలా అని మీ ఆయన్నడుగు" అని తలుపు వెనక నుంచి వినపడేది. "చాలని మీ అమ్మకి చెప్పు" అని నాన్న కంచంలోకి చూస్తూ అనేవారు. ఒకరి గొంతు ఒకరికి స్పష్టంగా వినపడుతూనే ఉండేది. అయినా మధ్యలో మా అమ్మ టెలిఫోను తీగలా నిలబడాల్సిందే. పదిహేనేళ్ళు అలాగే గడిచింది.

ఆ రోజు కూడా తలుపు వెనక నుంచి ఒక ప్రశ్న వచ్చింది. "పిల్లాడి తల్లి ఏ ఊరి ఆడపడుచో కనుక్కోమని చెప్పవే."

అమ్మ ఆ మాట నాన్న చెవిన వేసింది. నాన్న హెడ్మాస్టరు. వాళ్ళ నాన్న పొలం కూలికి వెళ్ళినవాడు, నాన్న మిషను స్కూల్లో చదువుకుని పైకొచ్చినవాడు. పుస్తకంలో లేనిదాన్ని తెలివి అని ఒప్పుకునేవారు కాదు. "ఆవిడ పోయి పదేళ్ళయింది. పోయినావిడ ఊరితో మనకేం పని? ఇంటిపేర్లు వేరు, అంతే చాలు" అని తేల్చేశారు. నేను ఇంకో అడుగు ముందుకేశాను. "అమ్మమ్మా, నేను చేసుకునేది ఆయన్ని. వాళ్ళమ్మ పుట్టింటిని కాదు" అన్నాను. పైగా నా మాటకి నేనే నవ్వుకున్నాను. ఇప్పుడది తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మా సంఘంలో పెళ్ళి కుదిరితే మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదవాలి. పెళ్ళికొడుకు ఫలానా, పెళ్ళికూతురు ఫలానా, తల్లిదండ్రులు ఫలానా అని చదివి, చివర్లో "అభ్యంతరం ఏదైనా ఎరిగినవారు ఇప్పుడే తెలియజేయవలెను" అంటారు. ఉత్తరం చివర "ఇట్లు" రాసినట్టు, అది ఊరికే చదివే మాట. మా చర్చి కట్టిన దగ్గర్నుంచి దానికి జవాబు చెప్పినవాళ్ళు లేరు.

మొదటి ఆదివారం నేను గులాబీ రంగు నైలెక్స్ చీర కట్టుకుని, చాప మీద ఆడవాళ్ళ మధ్య కూర్చుని, సిగ్గు పడటం ఎలాగో ఇంట్లో ప్రాక్టీసు చేసి వచ్చినట్టే పడుతున్నాను. పాస్టరు అయ్యగారు చదివారు. పెళ్ళికొడుకు తండ్రి పేరు చదివారు. తర్వాత, "ఫలానా గ్రామపు ఆడపడుచు, ప్రభువునందు నిద్రించిన ఫలానమ్మ గారికిని" అని ఆయన తల్లి పేరూ పుట్టినూరూ చదివారు. ఆ తర్వాత అభ్యంతరం మాట కూడా చదివేసి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు.

"ఉందండి అయ్యగారూ."

మా అమ్మమ్మ గొంతు. నా పక్కనే. తల తిప్పి చూస్తే ఆవిడ అప్పటికే గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"ఆ ఊరు మా పెద్దమ్మ కూతురిదండి. నాకు అక్క. ఆ ఫలానమ్మ మా అక్క కూతురేనండి. అంటే మా అమ్మాయికి చెల్లెలు. చెల్లెలి కొడుకంటే మా మనవరాలికి అన్న కదండీ? అన్నాచెల్లెళ్ళకి పెళ్ళేంటండి?"

చర్చి మొత్తం ఒక్కసారి ఊపిరి పీల్చింది. మగవాళ్ళ బెంచీల్లో ఎవరో దగ్గు నటించి నవ్వుకున్నారు. నాన్న వెనక్కి తిరిగారు, పదిహేనేళ్ళలో మొదటిసారి అత్తగారి మొహంలోకి సూటిగా చూశారు. అమ్మమ్మ కొంగు సర్దుకుని, చెప్పాల్సింది చెప్పేశాను కదా అన్నట్టు కూర్చుంది. నేను ఆ చాప కింద దూరిపోదామని చూశాను గానీ, దాని మీద ఇరవైమంది కూర్చుని ఉన్నారు.

ఆరాధన అయ్యాక అయ్యగారు మమ్మల్ని పక్క గదిలోకి పిలిచారు. "బైబిలు ప్రకారం అభ్యంతరం లేదమ్మా. ఎప్పటిదో దూరపు చుట్టరికం" అన్నారు మెత్తగా.

"బైబిలు ప్రకారం లేదేమోనండి. వరస ప్రకారం ఉందండి" అంది అమ్మమ్మ. "రేపు ఆ కుర్రాడు గుమ్మంలోకొస్తే మా అమ్మాయి ఏమని పిలవాలండి? చెల్లెలి కొడుకు కాబట్టి ఒరే అబ్బాయ్ అనాలా, కూతురి మొగుడు కాబట్టి అల్లుడు గారూ అనాలా? మీరే చెప్పండి."

అయ్యగారు చాలాసేపు ఆలోచించారు. చివరికి, ఇది తేలేవరకు రెండో ప్రకటన చదవనన్నారు.

ఇంటికి రాగానే టెలిఫోను తీగ మళ్ళీ మోగింది. "సంబంధం కుదిరి నెలయింది. ఇన్నాళ్ళూ ఏం చేసిందో మీ అమ్మనడుగు" అన్నారు నాన్న. "మొదటిరోజే అడిగేనని చెప్పవే. పోయినావిడ ఊరితో పనేంటన్నారని చెప్పు" అంది తలుపు. నాన్న కండువా దులిపి బయటికి వెళ్ళిపోయారు. అమ్మ మాత్రం తలుపు వెనక్కి వెళ్ళి, "కన్నకూతురి పిల్లకి ఇలా చేస్తావా?" అని ఏడ్చింది.

నా సంగతి చెప్పక్కర్లేదు. ఊరంతా పాకిపోయింది. స్కూల్లో తోటి టీచర్లు, "మీ అన్నగారు కులాసానా?" అని అడగడం మొదలుపెట్టారు. అన్నింటికన్నా నాకు నిద్ర పట్టనివ్వనిది నా నాలుగో ఉత్తరం. అందులో "నా ప్రాణానికి" అని మొదలుపెట్టి, చివర పువ్వు బొమ్మ వేసి, దానికి రంగు కూడా అద్దాను. అన్నయ్యకి! తలుచుకుని ఏడుపు, ఏడుస్తుంటే మధ్యలో ఆ పువ్వు గుర్తొచ్చి నవ్వు, నవ్వానని మళ్ళీ ఏడుపు. ఆయన్ని తప్ప ఇంకొకర్ని చేసుకోనని అప్పటికే నిశ్చయించుకున్నాను. ఇప్పుడు ఆయన్ని చేసుకోవడానికే లేదంటున్నారు. మూడు రోజులు అమ్మమ్మతో మాట మానేశాను.

బుధవారం స్కూలు నుంచి వచ్చేసరికి అమ్మమ్మ వెనక వరండాలో చింతపిక్కలు పరుచుకుని కూర్చుంది. ఆడవాళ్ళకి మామూలు పిక్కలు, మగవాళ్ళకి పగలగొట్టిన బద్దలు. ఒక వరస కిందకి, ఒక వరస పక్కకి. ఆవిడకి చదవడం, రాయడం రాదు. చుట్టాలందరినీ ఇలాగే పరిచి చూసుకునేది. మా ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు ఒకప్పుడు ఈ పిక్కల మీదే తేలాయి. మేం చదువుకున్నాక అడగడం మానేశాం, అంతే.

"నా మీద కోపంగా ఉందా?" అంది తలెత్తకుండా.

"ఉంది."

"ఉండాలి మరి. నాకూ బెంగగానే ఉందే. తెలిసీ నోరు మూసుకు కూర్చుంటే, రేపు మేం పోయేక ఇంక చెప్పేవాళ్ళుండరు కదా?" అని కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఒక పిక్కని వేలితో తోసింది. "నాకు తెలిసింది ఇటువైపే. అటువైపు ఏముందో నాకు తెలీదు. ఆ ఇంట్లో కుర్రాడి మామ్మ ఉందన్నావు. ఆవిణ్ణి ఎవరైనా అడిగేరా?"

"మామ్మగారిని ఎందుకడుగుతారు?"

"అదే మరి. మగాళ్ళు మగాళ్ళని అడుక్కున్నారు. ఇంక వాళ్ళకేం తెలుస్తుంది?" పిక్కలన్నీ దోసిట్లోకి తీసుకుని కొంగున ముడేసుకుంది. "రేపు స్కూలుకి సెలవు పెట్టు. వెళ్దాం."

పెళ్ళికూతురు పెళ్ళికి ముందే అత్తారింటికి వెళ్ళడమా! అమ్మ వింటే గుండె ఆగిపోతుంది. "నీ పెళ్ళి. నీ చెవులతో నువ్వే విను" అంది అమ్మమ్మ. అంతటితో ఆగలేదు. తోడుగా మంత్రసాని మామ్మని కూడా రమ్మంది. ఆవిడ మా ఊళ్ళో రెండు తరాలకి పురుళ్ళు పోసిన మనిషి. ఆస్పత్రి కాన్పులు వచ్చాక ఆవిణ్ణి పిలవడం మానేశారు. పిలుపు రావడమే ఆలస్యం, చుట్ట వెలిగించుకుని బస్టాపుకి మాకంటే ముందు వచ్చి నిలబడింది.

బస్సులో కండక్టరు, "మామ్మగారూ, చుట్ట ఆర్పెయ్యండి" అన్నాడు. "ఒరే, నీ బొడ్డు కోసింది నేనే. నాకు చెప్తావా?" అంది. నిజంగా ఆవిడే కోసిందో లేదో తెలియదు గానీ, అతను మళ్ళీ మా వైపు రాలేదు. రేవులో పడవ ఎక్కాక మాత్రం ఆవిడ ధైర్యమంతా పోయింది. అవతలి ఒడ్డు వచ్చేదాకా కళ్ళు మూసుకుని, యేసయ్యని పేరుపెట్టి పిలుస్తూ, నా జడ పట్టుకుని కూర్చుంది. దిగేసరికి నా జడ సగం ఊడిపోయింది. అత్తారింటికి మొదటిసారి ఆ అవతారంలో వెళ్ళాను.

పెళ్ళికొడుకు మామ్మగారు పెరట్లో చాప మీద కూర్చుని కొబ్బరాకులు చీరి చీపురు ఈనెలు తీస్తున్నారు. సన్నగా, పొట్టిగా ఉన్నారు. మమ్మల్ని చూసి కంగారుగా లేవబోయారు. అమ్మమ్మ ఆవిణ్ణి లేవనివ్వలేదు. తనూ చాప మీద కూర్చుని, ఇంకో కత్తి అందుకుని, ఒక ఆకు లాక్కుంది. మంత్రసాని మామ్మ ఇంకో ఆకు తీసుకుంది. ముగ్గురూ పనిలో పడ్డారు. ఊరూ వానా గురించి రెండు మాటలయ్యాయి. నాకు ఒళ్ళంతా తేళ్ళు పాకుతున్నాయి, వీళ్ళకి ఈనెలు కావాలి!

"పెళ్ళి కుదిర్చేముందు మిమ్మల్నేమైనా అడిగేరాండి?" అంది అమ్మమ్మ ఆఖరికి.

"నన్నెవరడుగుతారండీ. కుదిరిందని చెప్పేరు. ఆయ్ అన్నాను."

అమ్మమ్మ తనకి తెలిసిన వరస చెప్పింది. కొంగు ముడి విప్పి, పిక్కలు పరిచి చూపించింది. మామ్మగారు అన్నీ విన్నారు. అప్పుడు మంత్రసాని మామ్మ తన వృత్తికి తగ్గ ప్రశ్న ఒకటి వేసింది.

"మీ కోడలు పుట్టినప్పుడు పురుడు పోసిందెవరండీ?"

మామ్మగారి చేతిలో కత్తి ఆగిపోయింది. నా వైపు చూశారు.

"పెళ్ళి దానిదే కదండీ. విననివ్వండి" అంది అమ్మమ్మ.

"మా వియ్యపురాలికి పిల్లల్లేరండీ" అన్నారు ఆవిడ, గొంతు తగ్గించి. "ఆవిడ ఆడపడుచు పురిట్లోనే పోయిందండి. ఆ పసిదాన్ని ఈవిడ ఒళ్ళో వేసుకుని, పుట్టింటి వాళ్ళకీ చెప్పకుండా మొగుడితో కలిసి వేరే ఊరొచ్చేసి, నా కూతురే అంది. మా కోడలికీ తెలీదండి. మా అబ్బాయికీ తెలీదు. మా వియ్యపురాలు పోయేముందు నన్ను పిలిపించుకుని చెప్పేరు. 'రేపు మనవలకి సంబంధాలు చూస్తారు వదిన గారూ. ఎవరి రక్తమో ఒక్కరికైనా తెలియాలి. మిమ్మల్ని అడుగుతారు కదా, అప్పుడు చెప్పండి' అన్నారండి." ఈనె ఒకటి చేతిలోకి తీసుకున్నారు. "ఎవరూ అడగలేదండి."

అమ్మమ్మ కళ్ళనిండా నీళ్ళు. "మా అక్క నాకైనా చెప్పుకోలేదు చూడండి" అంది. అలా అంటూనే పరిచిన పిక్కల్లోంచి ఒకటి తీసింది. మా అమ్మమ్మ సంగతి అంతే, ఏడుస్తూ కూడా లెక్క మానదు. ఆ పిక్కని అక్క కింద నుంచి జరిపి, అక్క మొగుడి చెల్లెలి కింద పెట్టింది. "అయితే ఆ పిల్ల మా బావగారి మేనకోడలు. అంటే మా అమ్మాయికి చెల్లెలు కాదు, మరదలు. మరదలి కొడుకు దీనికి..."

ముగ్గురు ముసలమ్మలూ ఒకేసారి నా వైపు తిరిగారు.

"బావ!"

మంత్రసాని మామ్మ చేతిలోని ఈనెల కట్టని గాల్లోకి విసిరేసింది. అమ్మమ్మ మామ్మగారి చేతులు పట్టుకుని ఊపేసింది. నేను నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేక, కొబ్బరాకుల మీద చతికిలబడ్డాను. అన్నయ్య కాదు, బావట! పరాయివాడైనా సర్దుకుందామనుకున్నాను, ఏకంగా బావ దొరికాడు. సరిగ్గా అప్పుడే ఆ బావ మధ్యాహ్నం భోజనానికి సైకిలు మీద వచ్చారు. పెరట్లో ఈనెల వాన, మధ్యలో జడ ఊడిపోయి నవ్వుతున్న పెళ్ళికూతురు. సైకిలు స్టాండు వెయ్యడం మర్చిపోయి వదిలేశారు. అది దబ్బున పడింది.

"వరస కలిసింది బాబూ" అంది అమ్మమ్మ. ఆయన ఎలాగని అడగలేదు. కిందపడ్డ సైకిలు లేపుతూ, నాకు మాత్రమే వినపడేలా, "ఆ నాలుగో ఉత్తరం ఉంచనా, చింపెయ్యనా?" అన్నారు.

"ఉంచండి" అన్నాను.

ఆయన లోపలికి వెళ్ళాక మామ్మగారు మా ముగ్గురినీ దగ్గరికి రమ్మన్నారు. "మా కోడలు ఆవిడ కూతురిగానే బతికింది, ఆవిడ కూతురిగానే పోయిందండి. ఈ మాట మగాళ్ళ చెవిన పడితే రేపు అరుగుల మీదకొస్తుంది. దాన్ని అలా ఉండనివ్వండి" అన్నారు. అమ్మమ్మ ఆవిడ చేతిలో చెయ్యి వేసింది. నన్ను కూడా వెయ్యమంది. వేశాను. చాలా ఏళ్ళ తర్వాత మామ్మగారే తన నోటితో మా ఆయనకి చెప్పారు. రాసుకోమని ఆయన అన్నారు కాబట్టే ఇప్పుడు రాస్తున్నాను.

సాయంత్రం నాలుగింటికి నాన్నా బాబాయీ చెమటలు కక్కుకుంటూ వచ్చిపడ్డారు. అమ్మమ్మ అమ్మ చెవిన వేసే బయల్దేరిందట. మేం ఎక్కడికెళ్ళామో అమ్మ మధ్యాహ్నం దాకా దాచి, ఇంక దాచలేకపోయిందట. అప్పటికి పెళ్ళికొడుకు నాన్నగారు కూడా పొలం నుంచి వచ్చారు. మళ్ళీ వరండాలో కుర్చీలు వేశారు. మేం నలుగురం లోపల, తలుపు వెనక.

"వరస కలిసిందండి. పెళ్ళి చేసుకోవచ్చు" అన్నారు మామ్మగారు లోపల్నుంచి.

"ఎలా కలిసింది?" అన్నారు నాన్న. హెడ్మాస్టరు కదా, జవాబు ఒక్కటే రాస్తే ఆయన మార్కులు వెయ్యరు. లెక్క మొత్తం చూపించాలి. "ఆదివారం అన్న, గురువారం బావ ఎలా అయ్యాడో చెప్పమని మీ అమ్మని..." అంటూ అలవాటు కొద్దీ మా అమ్మ కోసం చూశారు. అమ్మ అక్కడ లేదు కదా. తీగ తెగిపోయింది.

అమ్మమ్మ తలుపు వెనక నుంచి బయటికి వచ్చింది. కారణం చెబితే ఇచ్చిన మాట పోతుంది. చెప్పకపోతే నాన్న ఒప్పుకోరు, నా పెళ్ళి పోతుంది. ఆవిడ వెళ్ళి నాన్న కుర్చీకి ఎదురుగా నిలబడింది.

"కారణం చెప్పనండి" అంది. ఆవిడ మా నాన్నతో నేరుగా అన్న మొదటి మాట అదే.

నాన్న కుర్చీలోంచి లేచిపోయారు. "మరి పదిమందికీ నేనేం చెప్పాలండీ? సంఘ పెద్దలడుగుతారు, అయ్యగారడుగుతారు."

"మా అత్తగారు చెప్పేరని చెప్పండి."

మా నాన్న మొహంలో చాలా రంగులు వచ్చి పోయాయి. ఒక హెడ్మాస్టరు, సంఘంలో నలుగురూ లేచి నిలబడే మనిషి, పదిమందిలో "మా అత్తగారు చెప్పేరు" అనడం మా కోనసీమలో ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. నేను తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాను. నాన్న కండువా తీసి మొహం తుడుచుకున్నారు. తర్వాత పెళ్ళికొడుకు నాన్నగారి వైపు తిరిగారు.

"పెళ్ళి జరుగుతుందండి" అన్నారు. "మా అత్తగారు చెప్పేరు."

పెళ్ళికొడుకు నాన్నగారు తలుపు వైపు చూశారు. వాళ్ళమ్మ గడప దగ్గర నిలబడి ఉన్నారు. "మా అమ్మా చెప్పిందండి. ఇంకేముంది" అన్నారాయన.

తండ్రులిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, నాన్న నెమ్మదిగా మళ్ళీ కూర్చున్నారు. అప్పుడు గడప దగ్గర నుంచి మామ్మగారి సన్నటి గొంతు వినపడింది.

"ఇంకేమైనా అడగాలంటే అడగండి బాబూ. ఇక్కడే ఉన్నాం."